మూడు మాటల రక్తపిశాచి

కార్డు పై సగంలో బొమ్మ, దాని కింద రూల్స్ రాసే గడి. చాలా కార్డుల్లో ఆ గడి నిండా చిన్న అక్షరాలు కిక్కిరిసి ఉంటాయి. వాంపైర్ నైట్‌హాక్ కార్డులో మాత్రం, బ్రాకెట్లలో ఇచ్చే వివరణల్ని పక్కన పెడితే, మూడే మాటలు: ఫ్లయింగ్, డెత్‌టచ్, లైఫ్‌లింక్. కింద కుడి మూలన 2/3 అనే అంకెలు. పైన కుడి మూలన దాన్ని దించడానికయ్యే ఖర్చు మూడు మానా, అందులో రెండు తప్పనిసరిగా నల్లవి. జేసన్ చాన్ గీసిన బొమ్మని మినహాయిస్తే కార్డులో ఉన్న సరంజామా అంతా ఇదే. రూల్స్ గడిలో బ్రాకెట్ల బయట ఒక్క పూర్తి వాక్యం కూడా లేదు. అయినా ఎగిరివచ్చి, కరిచి చంపి, ఆ నెత్తురుతో బతికే ఒక జీవి మన కళ్ల ముందు నిలబడుతుంది. ఈ పొదుపు ఎలా సాధ్యమైందో, ఒక్కో అంకె అక్కడే ఎందుకు ఆగిందో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆట తెలియనివాళ్లకి ముందు నాలుగు ముక్కలు. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆటని అమెరికాలోని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసింది. మన పేకాటలో రూల్స్ ఆటవి, ముక్కలు వాటికి లోబడి నడుస్తాయి. ఇస్పేటు ఆసు మీద ఎవరూ ఏమీ రాయరు. ఇక్కడ ప్రతి ముక్కా తన రూలుని తన మీదే రాసుకుని వస్తుంది. ఆట రూలుకీ ముక్క మీద రాతకీ పేచీ వస్తే ముక్క మాటే చెల్లుతుంది. ఇద్దరు ఆటగాళ్లు చెరో 20 లైఫ్‌తో మొదలుపెడతారు. భూముల కార్డులు వేసి వాటి నుంచి మానా అనే శక్తి తీసుకుంటారు. ఆ మానా ఖర్చుపెట్టి క్రీచర్లని దించుతారు, మంత్రాలు వేస్తారు. క్రీచర్ మీద రెండంకెల్లో మొదటిది పవర్, అంటే అది కొట్టే దెబ్బ. రెండోది టఫ్‌నెస్, అంటే అది తట్టుకోగలిగే దెబ్బ. నా క్రీచర్ మీ మీదికి వస్తే మీ క్రీచర్‌ని అడ్డుపెట్టి బ్లాక్ చేయవచ్చు, లేదా దెబ్బని మీ లైఫ్ మీదే తీసుకోవచ్చు. లైఫ్ సున్నాకి దిగితే ఆట అయిపోయినట్టే.

రంగులు అయిదు. ఒక్కో రంగుకీ ఒక్కో స్వభావం. చావు, స్వార్థం, దేనికైనా వెలకట్టే తత్వం నలుపు సొత్తు. దాని మానా స్వాంప్ అనే చిత్తడినేల నుంచి వస్తుంది. రక్తపిశాచులు మొదటి రోజు నుంచీ ఆ రంగులోనే ఉన్నాయి.

ఆ మొదటి రోజు పిశాచి పేరు సెంగిర్ వాంపైర్. 1993లో వచ్చిన ఆల్ఫా సెట్టులోది (సెట్టు అంటే ఒక విడతగా విడుదలయ్యే కార్డుల గుంపు), బొమ్మ ఆన్సన్ మాడక్స్‌ది. అయిదు మానా, 4/4, ఎగురుతుంది. అదే సెట్టులో తెలుపు రంగుకి సెరా ఏంజెల్ ఉంది. అదీ అయిదు మానాయే, అదీ 4/4, అదీ ఎగిరేదే. దేవదూతనీ పిశాచినీ ఒకే కొలతకి కుట్టి, తేడా అంతా ఒక్క వాక్యంలో చూపించాడు గార్‌ఫీల్డ్. ఏంజెల్ ఎటాక్ చేసినా అలసిపోదు, తిరిగి కాపలాకి సిద్ధంగా ఉంటుంది. సెంగిర్ అయితే, తన చేత దెబ్బ తిన్న క్రీచర్ ఏదైనా ఆ టర్నులోనే చచ్చిపోతే, తన మీద ఒక +1/+1 కౌంటరు పెట్టుకుంటుంది. తాగిన నెత్తురు ఒంటికి పడుతుందన్నమాట. నాలుగు అయిదవుతుంది, అయిదు ఆరవుతుంది. ఈ రాతలో ఒక సూక్ష్మం ఉంది. సెంగిరే చంపాలని కార్డు అడగదు, కరిస్తే చాలు. సెంగిర్ కొట్టిన దెబ్బకి చావని క్రీచర్‌ని అదే టర్నులో మీరు ఇంకేదో మంత్రంతో ముగించినా కౌంటరు పడుతుంది. కాటు వేసినవాడికే కూడు దక్కుతుంది, మిగతా పని ఎవరు చేసినా సరే.

తర్వాత వచ్చినవాళ్లు రక్తం తాగడమనే పనిని రూలుగా రాయడానికి రకరకాల దారులు వెతికారు. 1995లో ఐస్ ఏజ్ సెట్టులోని క్రోవికన్ వాంపైర్, తాను కరిచాక చచ్చిన క్రీచర్‌ని టర్ను చివర తన యజమాని పక్షాన లేపి నిలబెడుతుంది. అదే ఏడాది హోమ్‌ల్యాండ్స్‌లో వచ్చిన బ్యారన్ సెంగిర్ ఎనిమిది మానా దొరగారు. ఒక్కో చావుకి ఏకంగా +2/+2 కౌంటరు. 2011 నాటి ఒలివియా వోల్డారెన్ ఒక్కో దెబ్బతో ఎదుటి క్రీచర్లని వాంపైర్లుగా మార్చి, ఆనక వాటిని తన వశం చేసుకుంటుంది. ఇవన్నీ కథ చెప్పే కార్డులే. కానీ కథ చెప్పడానికి వీటన్నిటికీ వాక్యాలు కావాలి, షరతులు కావాలి, ఏది ఎప్పుడు జరుగుతుందో గుర్తుపెట్టుకునే ఆటగాడు కావాలి. నైట్‌హాక్‌కి ఇవేవీ అక్కర్లేదు.

దాని మూడు మాటల్లో మొదటిది సులువు. ఫ్లయింగ్ ఉన్న క్రీచర్‌ని బ్లాక్ చేయాలంటే ఎదుటిదానికి కూడా ఫ్లయింగ్ ఉండాలి, లేదా ఆకాశాన్ని అందుకోగల రీచ్ ఉండాలి. నేల మీద ఎంత సైన్యం ఉన్నా లాభం లేదు. రెండోది డెత్‌టచ్: ఈ క్రీచర్ నుంచి ఒక్క పాయింటు దెబ్బ తగిలినా చాలు, తగిలించుకున్న క్రీచర్ నాశనమవుతుంది, టఫ్‌నెస్ ఎంతన్నది లెక్కలోకే రాదు. మూడోది లైఫ్‌లింక్: ఇది ఎంత దెబ్బ కొడితే దాని యజమానికి అంత లైఫ్ కలుస్తుంది.

ఈ మూడూ విడివిడిగా ఎన్నో కార్డుల్లో ఉన్నాయి. ఒకేచోట చేరడంలోనే నేర్పు ఉంది. మ్యాజిక్‌లో ఏ సామర్థ్యం ఏ రంగుకి చెందాలో ఒక కట్టుబాటు ఉంటుంది. డెత్‌టచ్ మామూలుగా నలుపుదీ ఆకుపచ్చదీ. లైఫ్‌లింక్ తెలుపుదీ నలుపుదీ. ఎగరడం తెలుపుకీ నీలానికీ ఎక్కువ అలవాటు, నలుపుకీ బాగానే ఉంది. మూడు వలయాలు గీసి చూస్తే కలిసే చోటు ఒక్కటే, నలుపు. అంటే రక్తపిశాచిని ఊహించుకుని దానికి మూడు మాటలు తగిలించారని ఎంత చెప్పవచ్చో, ఈ మూడు మాటల్నీ కలిపి మోయగలిగిన సహజమైన జీవి రక్తపిశాచి ఒక్కటేనని కూడా అంతే చెప్పవచ్చు. రూపం, రూలు రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి ఒకేచోట కలిశాయి.

కలిసిన సమయం కూడా చెప్పుకోదగ్గది. డెత్‌టచ్, లైఫ్‌లింక్ అనే పేర్లు 2007 నాటి ఫ్యూచర్ సైట్ సెట్టుతో ఆటలోకి వచ్చాయి. అప్పట్లో రెండూ ట్రిగ్గర్లు. అంటే దెబ్బ తగిలాక, ‘ఇప్పుడు దాని ఫలితం జరగాలి’ అని విడిగా వరసలో నిలబడే సంఘటనలు. దెబ్బకీ ఫలితానికీ మధ్య సన్నటి సందు ఉండేది, ఆ సందులో మనిషి చచ్చిపోవచ్చు. 2009 జులైలో మ్యాజిక్ 2010 సెట్టుతోపాటు ఆట రూల్స్‌లో పెద్ద మార్పులు వచ్చాయి. వాటిలో భాగంగా లైఫ్‌లింక్ విడి సంఘటనగా ఉండటం మానేసి దెబ్బలోనే కలిసిపోయింది. డెత్‌టచ్‌ని కూడా ఆట తనంతట తానే గమనించి అమలుచేసే సూత్రాల్లో చేర్చారు. మూడు నెలలు తిరక్కుండానే జెండికార్ సెట్టు, దానితో నైట్‌హాక్ వచ్చాయి.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మీకు 2 లైఫ్ మిగిలిందనుకోండి. ఎదుటివాళ్లు రెండు క్రీచర్లతో మీదికొచ్చారు. ఒకదాన్ని నైట్‌హాక్‌తో బ్లాక్ చేశారు. రెండోది, పవర్ 3 ఉన్నది, అడ్డు లేకుండా మీ మీదికే వస్తోంది. పోరాటంలో దెబ్బలన్నీ ఒకేసారి పడతాయి. మీ లైఫ్ 2 నుంచి మూడు తగ్గుతుంది, నైట్‌హాక్ కొట్టిన రెండు కలుస్తుంది. ఈ లెక్క మొత్తం తేలాకే ఎవరైనా ఓడిపోయారా అని ఆట చూస్తుంది. మీకు ఒక్క లైఫ్ ఉంది, బతికారు. పాత రూలు ప్రకారమైతే దెబ్బ తగలగానే మీ పని అయిపోయేది. మీకు రావాల్సిన రెండు లైఫ్ వరసలో నిలబడి ఉండగానే ఆట ముగిసేది. చచ్చిపోయేవాడి నోట్లో నెత్తురు చుక్క పడి బతకడమనే పిశాచ కథల ఘట్టం పాత రూల్స్‌లో రాయడానికి వీలే లేదు. కొత్త రూల్స్‌లో దానికి విడిగా ఏమీ రాయనక్కర్లేదు.

ఇక అంకెలు. నాకు ఈ కార్డులో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం.

డెత్‌టచ్ ఉన్న క్రీచర్‌కి పవర్ ఎంత ఉండాలి? చంపడానికైతే ఒకటి చాలు. ఆ పైన ఉన్నదంతా క్రీచర్ల మీద దండగ. కానీ లైఫ్‌లింక్‌కి పవరే ప్రాణం. ఎంత కొడితే అంత లైఫ్. ఒక మాట పవర్ వద్దంటుంది, రెండోది కావాలంటుంది. ఈ తగవుని ‘2’ తీరుస్తుంది. అడ్డులేకుండా కొట్టిన ప్రతిసారీ ఎదుటివాళ్లకి రెండు తగ్గి, మనకి రెండు పెరుగుతుంది. ఇద్దరి మధ్య తేడా ఒక్క దెబ్బతో నాలుగు మారుతుంది. సెంగిర్ వాంపైర్ అయిదు మానాకి కొట్టే దెబ్బ కూడా నాలుగే. ఒకటి పెట్టి ఉంటే ఈ పిశాచి కాపలాకి పనికొచ్చేది గానీ ఆట గెలిపించేది కాదు. మూడు పెట్టి ఉంటే మూడో టర్నులో దిగి టర్నుకి ఆరేసి తేడా తెచ్చే కార్డు అయ్యుండేది; ఎదుటివాళ్లకి ఆడబుద్ధి పుట్టదు. రెండుకి ఇంకో లాభం ఉంది. ఎదుటివాళ్లు రెండు ఎగిరే క్రీచర్లతో కలిసి నైట్‌హాక్‌ని బ్లాక్ చేస్తే, దాని దెబ్బని చెరొకటిగా పంచవచ్చు. ఒక్కొక్క పాయింటూ ప్రాణాంతకమే కనుక రెండూ పోతాయి. ఒంటరిగా కాకుండా జట్టుగా వద్దామన్న ఎత్తుగడకి కూడా ఆ చిన్న అంకెలోనే జవాబుంది.

టఫ్‌నెస్ 3. ఇది ఎందుకో తెలియాలంటే ఆ కాలంలో చుట్టూ ఏ మంత్రాలున్నాయో చూడాలి. జెండికార్‌లోనే ఎరుపు రంగుకి బర్‌స్ట్ లైట్‌నింగ్ ఉంది. ఒక్క మానాకి రెండు పాయింట్ల దెబ్బ. నైట్‌హాక్ తట్టుకుంటుంది. నలుపుకి డిస్‌ఫిగర్ ఉంది. ఒక్క మానాకి టర్ను చివరిదాకా -2/-2. దానికీ చావదు. కానీ 0/1 అయిపోతుంది, ఆ టర్నుకి కోరలు ఊడినట్టే. ఎందుకంటే డెత్‌టచ్ పనిచేయాలంటే కనీసం ఒక పాయింటు దెబ్బ తగలాలి, సున్నా దెబ్బ దెబ్బ కాదు. అందుకే తెలివైన ప్రత్యర్థి డిస్‌ఫిగర్‌ని ఊరికే వేయడు. బ్లాక్ అయ్యాక వేసి తన క్రీచర్‌ని కాపాడుకుని, మిగిలిన ఆ ఒక్క పాయింటు టఫ్‌నెస్‌నీ పోరాటంలోనే తెంపేస్తాడు. ఇక నలుపులోని డూమ్ బ్లేడ్, హైడియస్ ఎండ్ రెండూ నల్లవి కాని క్రీచర్లనే చంపగలవు; నైట్‌హాక్ రంగే దానికి కవచం. ఇన్ని తప్పించుకున్నది లైట్‌నింగ్ బోల్ట్‌కి దొరుకుతుంది: ఒక్క ఎర్ర మానాకి మూడు పాయింట్ల దెబ్బ. 1993 నాటి ఆ మంత్రాన్ని మ్యాజిక్ 2010లోనే తిరిగి అచ్చువేశారు. తయారుచేసినవాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, టఫ్‌నెస్ 2 అయితే పిశాచి ఈ ఒక్క మానా దెబ్బలన్నిటికీ చచ్చేది, 4 అయితే వాటిలో దేనికీ చచ్చేది కాదు. మూడు దగ్గర ఆగడం వల్ల ప్రత్యర్థికి ఒక దారి మిగిలింది, అది కూడా సరైన కార్డు దాచుకున్న ప్రత్యర్థికి.

ఖర్చు కూడా తూచినట్టే ఉంది. దీనికి తర్వాత కాలం ఒక సాక్ష్యం ఇచ్చింది. 2017లో ఈథర్ రివోల్ట్ సెట్టులో గిఫ్టెడ్ ఈథర్‌బోర్న్ వచ్చింది. అదీ వాంపైరే. అదీ 2/3. డెత్‌టచ్, లైఫ్‌లింక్ రెండూ ఉన్నాయి. ఎగరదు. ఖర్చు రెండు నల్ల మానా. అంటే రెక్కలు తీసేస్తే సరిగ్గా ఒక మానా తగ్గింది. ఎనిమిదేళ్ల తర్వాత కూడా మిగతా లెక్క చెక్కుచెదరలేదు. నల్ల మానా రెండు కావాలనడంలోనూ ఉద్దేశం ఉంది. ఏ డెక్కులోనైనా రెండు స్వాంపులు కలిపి నాలుగు నైట్‌హాక్‌లు పెట్టేసుకుందామంటే కుదరదు. నలుపుకి మనస్ఫూర్తిగా కట్టుబడినవాళ్లకే అది మూడో టర్నులో వేళకి దిగుతుంది.

ఈ కొలతలన్నీ ఆటలో ఎలా పలుకుతాయో చూడాలంటే రెండు ఎదురుపడటాలు చెబుతాను. 2010లో రైజ్ ఆఫ్ ది ఎల్డ్రాజీతో ఎమ్రకూల్ అనే రాకాసి వచ్చింది. పదిహేను మానా, 15/15, ఎగురుతుంది. దాన్ని మంత్రంగా వేసినప్పుడు ఇంకో టర్ను ఉచితం. అది ఎటాక్‌కి వచ్చిన ప్రతిసారీ మీరు మీ ఆస్తిలోంచి ఆరు కార్డులు బలి ఇచ్చుకోవాలి. రంగున్న మంత్రాలు దాన్ని తాకలేవు. అలాంటిది మీదికి వస్తుంటే, ఆరు బలి ఇచ్చాక కూడా మీ దగ్గర ఒక నైట్‌హాక్ మిగిలి ఉంటే, అది ఎగిరి అడ్డుపడగలదు. ఎమ్రకూల్ రక్షణ రంగున్న మంత్రాల నుంచే. నైట్‌హాక్ దిగాక మంత్రం కాదు, క్రీచర్. కాబట్టి కాటు పడుతుంది. పదిహేను పాయింట్ల దెబ్బకి నైట్‌హాక్ పోతుంది, రెండు పాయింట్ల కాటుకి ఎమ్రకూల్ పోతుంది, పైగా మీకు రెండు లైఫ్. మూడు మానా కార్డు పదిహేను మానా కార్డుతో సరికి సరి.

రెండో ఎదురుపడటం దీనికి తలకిందులు. మ్యాజిక్ 2010లోని బేన్‌స్లేయర్ ఏంజెల్ అయిదు మానాకి 5/5. ఎగురుతుంది, లైఫ్‌లింక్ ఉంది, అన్నిటికంటే ముఖ్యం, ఫస్ట్ స్ట్రైక్ ఉంది. అంటే పోరాటంలో తన దెబ్బ ముందు పడుతుంది, బతికినవాళ్లే తిరిగి కొట్టాలి. నైట్‌హాక్ అడ్డుపడితే కాటు వేయకుండానే నేలకూలుతుంది. ఎమ్రకూల్‌ని చంపగలిగినది ఏంజెల్ ముందు తేలిపోతుంది. డెత్‌టచ్‌కి విరుగుడు బలం కాదు, వేగం. ఆట ఈ మాట ఎక్కడా విడిగా రాయలేదు. రెండు రూల్స్ ఒకదాన్నొకటి ఢీకొంటే తేలిన నిజమిది.

నైట్‌హాక్ మాటలకి మరికొన్ని మెలికలున్నాయి, అవి కొత్త ఆటగాళ్లని తరచూ తికమకపెడతాయి. 2010లో వచ్చిన బసిలిస్క్ కాలర్ తగిలించుకున్న క్రీచర్‌కి డెత్‌టచ్, లైఫ్‌లింక్ ఇస్తుంది. నైట్‌హాక్‌కి తగిలిస్తే ఏమీ ఒరగదు. ఈ రెండూ ఎన్నిసార్లు ఉన్నా ఒక్కసారి ఉన్నట్టే. కానీ 1994 నాటి స్పిరిట్ లింక్ అంటిస్తే మాత్రం ఆ లైఫ్ అదనంగా వస్తుంది, ఎందుకంటే అది లైఫ్‌లింక్ కాదు, దెబ్బ తర్వాత జరిగే విడి ట్రిగ్గరు. ఇండిస్ట్రక్టిబుల్ అనే రక్ష ఉన్న క్రీచర్‌ని కాటు నాశనం చేయలేదు, అయినా లైఫ్ వస్తుంది. కొరికింది కొరికినట్టే లెక్క. నలుపు నుంచి ప్రొటెక్షన్ ఉన్నదానితో తలపడితే దెబ్బే పడదు కాబట్టి కాటూ లేదు, లైఫూ లేదు. ఇంకోటి: టఫ్‌నెస్ 1 ఉన్న బక్క క్రీచర్‌ని కొట్టినా మీకు రెండు లైఫ్ వస్తుంది. ఎదుటివాడి ఒంట్లో ఎంత నెత్తురుందని కార్డు అడగదు, తాను ఎంత కొట్టానన్నదే చూస్తుంది. పిశాచి కథలతో పోల్చి పట్టిపట్టి చూస్తే ఇదొక్కటీ అతకదు. అతకకపోయినా ఇలా ఉండటమే మంచిదని నేనంటాను. ఈ లెక్కని సరిచేయబోతే ఆ గడిలోకి ఒక వాక్యం దూరేది.

నైట్‌హాక్ పుట్టిన సెట్టులో దాని బంధువర్గం పెద్దదే. జెండికార్ డిజైన్‌కి నాయకుడు మార్క్ రోజ్‌వాటర్. ఆ లోకంలో వాంపైర్లు నలుపుకి ముఖ్యమైన తెగ. వాళ్లలో కొందరికి ఎదుటివాళ్ల లైఫ్ పదికో అంతకంటే కిందికో దిగితే వాసన తగులుతుంది. బ్లడ్‌గాస్ట్ అప్పుడు దిగిన టర్నులోనే దూకి కరుస్తుంది. వాంపైర్ లాసరేటర్ అప్పటిదాకా టర్నుకొక లైఫ్ చొప్పున సొంత యజమాని నెత్తురే పీల్చి, ఆ తర్వాత మానేస్తుంది. 20లో సగం దగ్గర ఒక గీత గీసి దాన్ని నెత్తుటి వాసనగా మార్చడం మెచ్చుకోవాల్సిన ఊహ. వాంపైర్ హెక్స్‌మేజ్ సంగతి వేరు. రెండు నల్ల మానా, 2/1, ఫస్ట్ స్ట్రైక్, తనని బలి ఇస్తే ఏదైనా ఒక కార్డు మీదున్న కౌంటర్లన్నీ తుడిచేస్తుంది. 2006లో కోల్డ్‌స్నాప్‌లో వచ్చిన డార్క్ డెప్త్స్ అనే భూమి మీద పది మంచు కౌంటర్లుంటాయి. ఒక్కోటి కరిగించడానికి మూడేసి మానా. అన్నీ కరిగితే 20/20 రాకాసి లేస్తుంది, ఎగిరేది, నాశనం లేనిది. ముప్ఫై మానా పనిని హెక్స్‌మేజ్ రెండింటికి చేసేసింది. ఒకరి రూలు ఇంకొకరి తాళానికి తాళంచెవి కావడం ఈ ఆటలో గొప్ప సరదా. కానీ హెక్స్‌మేజ్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ భూమే, పిశాచి కాదు. నైట్‌హాక్‌కి అలాంటి తోడు అవసరం రాలేదు.

తోడు దొరికితే మాత్రం కాదనదు. మ్యాజిక్ 2010లోని వాంపైర్ నాక్టర్నస్ ఉంటే మీ కట్ట పైముక్క తిప్పి అందరికీ కనబడేలా ఉంచాలి. ఆ ముక్క నల్లదైనంతసేపూ మీ వాంపైర్లన్నిటికీ +2/+1, పైగా రెక్కలు. అప్పుడు నైట్‌హాక్ ఎంతవుతుంది? 4/4, ఎగిరేది. నైట్‌హాక్ కంటే పదహారేళ్లు ముందు వచ్చిన సెంగిర్ ఒడ్డూపొడవూ అచ్చంగా అదే. ఇక శాంగ్విన్ బాండ్ అనే కార్డు మీకు లైఫ్ పెరిగినప్పుడల్లా ఎదుటివాళ్లకి అంత తగ్గిస్తుంది; ఎక్స్‌క్విజిట్ బ్లడ్ ఎదుటివాళ్లకి తగ్గినప్పుడల్లా మీకు అంత పెంచుతుంది. రెండూ మీ ముందు ఉండగా నైట్‌హాక్ ఎవర్ని ఒక్క కాటు వేసినా ఆ చక్రం ఎదుటివాడు చచ్చేదాకా ఆగకుండా తిరుగుతుంది.

లోపం లేదా అంటే, ఒకటుంది. జాతి పేరు దగ్గర ‘వాంపైర్ షామన్’ అని రాసి ఉంటుంది. పూజలు, మంత్రాలు చేసేదని అర్థం కాబోలు. ఆ రెండో మాటకి ఈ కార్డులో ఏ పనీ లేదు. మూడు మాటల్ని ఇంత బిగువుగా కూర్చినచోట ఆ నాలుగోది వదులుగా వేలాడుతుంది. ఇంకో ఫిర్యాదు కొందరు చేస్తారు: సెంగిర్‌కి చరిత్ర ఉంటుంది, ఎన్ని ప్రాణాలు తీసిందో దాని మీది కౌంటర్లు చెబుతాయి, నైట్‌హాక్ దిగినప్పుడు ఎంతో పోయేటప్పుడూ అంతే. ఇది నిజమే, కానీ చరిత్ర ఎక్కడికీ పోలేదు. అది ఆటగాడి లైఫ్ లెక్కలో ఉంది. సెంగిర్ తాగింది సెంగిర్‌తోపాటే చస్తుంది. నైట్‌హాక్ తాగింది యజమాని ఖాతాలో పడుతుంది, అది చచ్చిపోయాక కూడా అక్కడే ఉంటుంది. నెత్తురు చివరికి ఎవరికి చేరుతుందన్న ప్రశ్నకి నలుపు రంగు తత్వం ఇవ్వదగిన జవాబు ఇదే.

2020లో జెండికార్ రైజింగ్‌తో నైట్‌హాక్ స్కావెంజర్ వచ్చింది. అదే ఖర్చు, అవే మూడు మాటలు, టఫ్‌నెస్ అదే 3. పవర్ స్థానంలో మాత్రం ఒక లెక్క: ఎదుటివాళ్ల గ్రేవ్‌యార్డులో, అంటే వాడేసిన, చచ్చిన కార్డులు చేరే కట్టలో, ఎన్ని రకాల కార్డులున్నాయో దానికి ఒకటి కలపాలి. ఒక రకం ఉంటే రెండు, మూడు రకాలుంటే నాలుగు. పాతదానికంటే ఇదే బలమైన కార్డు, అందులో వాదన లేదు. అరుదుదనంలో కూడా ఒక మెట్టు పైనుంది. కానీ ప్రతి టర్నూ ఎదుటి గ్రేవ్‌యార్డు తిరగేసి లెక్కపెట్టాలి. 2 అన్న అంకెలో ఉన్న నిర్ణయాన్ని అది ఆటగాడి మీదికి నెట్టేసింది. పాతది 2012లో మ్యాజిక్ 2013 సెట్టులో తిరిగి అచ్చయినప్పుడు అంకెల్లోగానీ ఖర్చులోగానీ ఏ మార్పూ చేయాల్సిన అవసరం రాలేదు. రెండిట్లో ఒకటి డెక్కులో పెట్టుకోమంటే గెలుపు కోసం స్కావెంజర్‌ని తీసుకుంటాను. కార్డు రాయడం ఎలాగో చూపించమంటే నైట్‌హాక్‌నే చేతికిస్తాను.

ఆడేవాళ్లకి ఒక మాట. ఎదుటివైపు మూడో టర్నులో ఇది దిగితే మీ పెద్ద క్రీచర్‌ని తొందరపడి ముందుకి తోయకండి. అది వచ్చేదాకా పిశాచి కదలకుండా కూర్చోగలదు, తొందరపడితే నష్టపోయేది మీరే. చేతిలో లైట్‌నింగ్ బోల్ట్ ఉంటే దాన్ని చిన్న క్రీచర్ల మీద ఖర్చుచేయకండి. దీనికోసం దాచండి.